సిస్టరమ్మ ఆయిల్ గొయ్యి

మా సిస్టరమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూటం ముగిసిన మర్నాడే ఆమె గొయ్యి పూడ్చేయాలని మా సంఘం కట్టడాల కమిటీ తీర్మానం చేసింది. గొయ్యి అంటే సమాధి అనుకునేరు. కాదు. పైన బండి నిలబెట్టి, కింద మనిషి దిగి, ఇంజన్ ఆయిల్ మార్చే గొయ్యి. చర్చి కాంపౌండ్ వెనక, వంటపాక పక్కన ఉంది. దాన్ని రాళ్లతో ఇసుకతో నింపి, పైన పాలరాతి అరుగు కట్టి, ఆ అరుగు మీద ఆమె పేరు చెక్కిస్తారట. అంటే ఆమె పేరు నిలబెట్టడానికి ఆమె పనిని పూడ్చిపెడతారన్నమాట. ఇంతకన్నా అన్యాయం ఇంకోటి ఉంటే చెప్పండి, విని నేర్చుకుంటాను.

సంఘం పత్రిక చూసే అక్క నన్ను ఈ స్మృతి రాయమంది. "ఒళ్లు మండుతోంది, ఇప్పుడొద్దక్కా" అన్నాను. "మండుతున్నప్పుడే రాయి. చల్లారితే నువ్వు రాయవు, నాకు తెలుసు" అంది. నేను వ్యాను తోలేవాణ్ని. సిప్పీఘాట్ నుంచి కూరగాయలు, మొక్కలు పోర్ట్ బ్లెయిర్ బజారుకి వేస్తాను. బడిలో హిందీలో చదివాను. తెలుగు రాయడం చర్చిలో పాటల పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి. కోపాన్ని మాత్రం దిద్దొద్దు.

సిస్టరమ్మ ఎవరో మన సంఘంలో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం మీద ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మా ఈడు వాళ్లలో సగం మందికి మొదటి సూది ఆమె చేతి మీదుగానే పడింది. భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. పిల్లల్లేరు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్న పాత తెల్ల కారు ఉండేది. అది నాకన్నా వయసులో పెద్దది. నాకన్నా తక్కువ దగ్గేది.

ప్రతి ఆదివారం ఆరాధనకి అరగంట ముందే ఆ కారు గేట్లోకి వచ్చి, ముక్కు రోడ్డు వైపు పెట్టి నిలబడేది. ఎప్పుడైనా ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే వెనక్కి తిప్పుకునే పని ఉండకూడదని. ఆ ఆదివారం రాలేదు. గేటు దగ్గర ఎవరో, "బండి ఆగిపోయిందేమో" అన్నారు. అందరం నవ్వాం. ఆమె బండి ఆగిపోవడమేంటి! మొదటి పాట అయ్యేసరికి ఆమె పక్కింటి బెంగాలీ దీదీ స్కూటర్ మీద వచ్చింది. "సిస్టర్ జీ కుర్సీ మే బైఠీ థీ" అంటోంది. "చాయ్ అభీ గరమ్ థీ." వరండాలో కుర్చీలో కూర్చుని, చేతిలో టీ చల్లారకముందే వెళ్లిపోయింది. కారు తాళంచెవి ఒళ్లో ఉంది. ఆరాధనకి బయల్దేరబోతోందన్నమాట. అంత సుళువుగా పోయే అదృష్టం ఎందరికుంటుంది? ఏడ్చేవాళ్లు ఏడ్చారు. నేను వెళ్లి ఆమె కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను నా చేతికొచ్చింది. అప్పటికి బండ్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఒక శనివారం చర్చి వంటపాకకి కూరగాయలు దింపుతున్నాను. సిస్టరమ్మ వచ్చి నిలబడి ఇంజన్ చప్పుడు వింది. ఆసుపత్రిలో ఛాతీ చప్పుడు విన్నట్టే తల పక్కకి వాల్చి వింది.

"ఏరా వ్యానూ, దీనికి ఆయిల్ ఎప్పుడు మార్చినావు?"

"ఇంకా టైం ఉందాంటీ. కంపెనీ పుస్తకంలో పదివేల కిలోమీటర్లని రాశారు. నాలుగు వేలే తిరిగింది."

"నాలుగు వేలు ఎన్నాళ్లలో తిరిగినాది?"

"రెండేళ్లు. నా చేతికి రాకముందు ఎక్కువగా పాత ఓనరు ఇంట్లోనే పడి ఉందట."

ఆమె ఇంజన్ ఆపించి, బానెట్ ఎత్తించి, ఆయిల్ పోసే మూత తిప్పి తీసింది. మూత లోపలి వైపు తెల్లగా, జిగటగా, వెన్నలాంటిది అంటుకుని ఉంది.

"ఇదేటిరా? మీగడ కట్టినావేటి? పెరుగు తోడేద్దామనా?"

అక్కడున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టైంది. "ఆంటీ, మీరు నర్సు. బండ్ల సంగతి మాకొదిలేయండి" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అన్నాను మరి.

ఆమెకి కోపం రాలేదు. మూత తుడిచి నా చేతిలో పెట్టి ఒక్క మాట అంది. "మంచం పుండ్లు నడిచే రోగికి రావురా. పడుకున్నోడికే వొస్తాయి. నీ బండి ఎంత దూరం నడిచిందని కాదు, ఎన్నాళ్లు పడుకుందని అడుగు."

మన ద్వీపంలో బండి తోలే ప్రతివాడూ చేసే తప్పు ఇదే. ఇంత చిన్న నేల మీద మీటరు తిరగదు. ఇంటి నుంచి బజారు, బజారు నుంచి జెట్టీ, జెట్టీ నుంచి ఇల్లు. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాం. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన, ఎప్పుడూ తడిగాలి. ఇంజన్ లోపల పట్టిన చెమ్మ ఆరేంత వేడి రాదు. ఆ నీరు ఆయిల్లో కలిసి మీగడ కడుతుంది. మీటరు చూసి "ఇంకా కొత్తదే" అనుకుంటాం. ఆ పుస్తకం పెద్ద రోడ్ల మీద దూరాలు పోయే బండ్ల కోసం రాసింది. మన బండ్లు పోయే దూరం చౌల్దారీ కొండ, తిప్పి కొడితే ఇంకో కొండ. అందుకే సిస్టరమ్మ లెక్క వేరు. ఆరు నెలలు, లేదా ఐదు వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇక్కడ ఎప్పుడూ ఆరు నెలలే ముందు. ఈ మాట నేను నెత్తికెక్కించుకోలేదు. పది రోజులు తిరక్కుండానే చౌల్దారీ ఎత్తు మీద, వ్యాను నిండా టమాటాలతో, డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. ఇంజన్లోంచి సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఆ ఒక్క తెలివి మాత్రం ఉంది నాకు, వెంటనే ఆపేశాను.

ఫోన్ చేస్తే ఆమే వచ్చింది. తెల్ల కారులో, ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో. "చెప్పాను కదా" అంటుందని నేను కాచుకుని కూర్చున్నాను. అనలేదు. అంటే బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని. ముందు టమాటాలు తన కారులోకి ఎక్కించమంది. "బండికి వైద్యం తర్వాత. ఇవి కుళ్లిపోతే నీ నోట్లోకి కూడెక్కడిదిరా?" వ్యానుని తాడు కట్టి ఇంకో జీపు చేత లాగించి చర్చి గొయ్యి మీదికి తెప్పించింది. కింద చూపించి నాకు పానా ఇచ్చింది.

"దిగు."

"మీరు మారుస్తారనుకున్నాను."

"నానెందుకు మారుత్తాను? రోగం నీది."

ఆ గొయ్యి సంగతి కూడా చెప్పాలి. నీళ్ల ట్యాంకు కోసమని ఎప్పుడో తవ్వి వదిలేసింది. ఎందుకూ పనికిరాదని పాతసామాను పడేసేవారట. ఈమె అప్పటి పాస్టరు గారిని అడిగి, అది శుభ్రం చేయించి, పక్కలకి ఇటుక కట్టించి, దిగడానికి నాలుగు మెట్లు పెట్టించింది. పని లేనప్పుడు పిల్లలు పడకుండా పైన పలకలు మూసి ఉండేవి. కారు కొన్న కొత్తలో ఒక షెడ్డువాడు ఆయిల్ మార్చకుండానే మార్చానని చెప్పి పంపాడట. ఆమె ఇంటికొచ్చి ఆయిల్ మట్టం చూసే గేజి కడ్డీ తీసి వాసన చూసి తెలుసుకుంది. "ఆడు అబద్ధం ఆడినాడని కాదురా నా బాధ. నాను సూడకుండా తల ఊపినాను. వార్డులో ఎప్పుడూ అలగ సేయలేదు." ఆ రోజు నుంచి తన బండి ఆయిల్ తనే మార్చుకుంది. తర్వాత అడిగినవాళ్లందరికీ నేర్పింది. చేసి పెట్టలేదు, నేర్పింది. రెండింటికీ తేడా కమిటీ వాళ్లకి ఎవరైనా చెప్పండి.

ఆమె పద్ధతంతా ఆసుపత్రి పద్ధతే. ముందు ఇంజన్ ఐదు నిమిషాలు నడవాలి, ఆయిల్ పల్చబడి మురికితో సహా దిగడానికి. మరీ కాలిపోయేంత వేడిగా ఉంటే ఆగాలి. చక్రాల వెనక ఇటుకలు, హ్యాండ్ బ్రేకు, చేతికి గ్లౌజులు. పైన మూత వదులు చేసి, కింద ఎనామిల్ బేసిన్ పెట్టి, అప్పుడు డ్రెయిన్ బోల్టు. ఆయిల్ ధార తగ్గి చుక్కలవుతుంది. అక్కడే మనకి తొందర. బోల్టు పెట్టేయబోతాం.

"ఆగు. ఆ సుక్క కూడా రానీ."

"అయిపోయింది కదా సిస్టరమ్మా."

"అయిపోనాదని నువ్వెవడివి సెప్పడానికి? అదే సెప్తాది."

చుక్కకీ చుక్కకీ మధ్య ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టించేది, సెలైన్ ఎక్కించేటప్పుడు లెక్కపెట్టినట్టు. గొయ్యిలో పైకి చూస్తూ నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెట్టినంతసేపూ ఆమె పైన స్టూలు మీద కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఎవరికి బదిలీ అయింది, ఎవరింట్లో కొత్త కోడలు, ఏ ఓడ ఆలస్యం. చుక్క ఆగిపోయాక బోల్టుకి కొత్త వాషరు వేయాలి. "బిగించు, ఉరెయ్యకు" అనేది. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాలి. సెలైన్ సీసా కోసి చేసిన గరాటుతో కొత్త ఆయిల్ పోయాలి. గేజి కడ్డీ మీద రెండు గీతల మధ్య ఉండాలి. "పై గీత దాటితే బలం వొస్తాదనుకుంటావేమో. ఎక్కువెక్కిస్తే రోగి పోతాడు." చివరికి ఇంజన్ నడిపి, లైటు ఆరిందో లేదో చూసి, ఆపి, కింద మళ్లీ చూడాలి. ఒక్క చుక్క కారినా పని కానట్టే.

ప్రతి బండికి ఒక చార్టు ఉండేది. ఆసుపత్రిలో జ్వరం రాసే చార్టులాంటిదే, అట్టకి క్లిప్పు పెట్టి వంటపాక గోడకి తగిలించేది. తేదీ, మీటరు, ఆయిల్ రంగు, వాసన. నా వ్యాను మొదటి చార్టులో ఇలా ఉంది: "రంగు: కాటుక. వాసన: మాడినది. మీగడ ఉంది. బండి బతుకుతుంది. డ్రైవరు కూడా బతకొచ్చు."

రెండోసారి నేనే సొంతంగా మారుస్తానని చెప్పి, ఆమెని గొయ్యి దగ్గరికి రావద్దన్నాను. అన్నీ సరిగ్గా చేశాననుకున్నాను. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయింది. నేను చూడలేదు. దాని మీదే కొత్త ఫిల్టరు, ఇంకో రింగుతో సహా బిగించేశాను. గేటు దాటి వంద గజాలు పోయానో లేదో, కొత్త ఆయిల్ అంతా రోడ్డు మీద చిమ్ముకుంటూ పోయింది. మళ్లీ అదే ఎర్ర లైటు. తిరిగి చూస్తే చర్చి గేటు నుంచి నా వ్యాను దాకా రోడ్డు మధ్యలో మెరుస్తున్న గీత. ఆ గీత వెంబడే ఆమె నడుచుకుంటూ వచ్చింది. చేతిలో రంపపు పొట్టు బస్తా. వెనక పది మంది. కిందికి వంగి చూసి, రోడ్డు పక్క గట్టు మీద కూర్చుండిపోయింది. ఏమైందోనని భయపడ్డాను. నవ్వు ఆపుకోలేక కూర్చుంది.

"పాత కట్టు విప్పకుండానే దాని మీద కొత్త కట్టు కట్టీసినాడ్రా నాయనా! మా వార్డులో సేసుంటే నిన్ను కిటికీలోంచి పారీసేవోళ్లు!"

ఆ రోజు సాయంత్రం దాకా నేనూ ఆమే ఆ రోడ్డు మీద రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, మళ్లీ చల్లాం. స్కూటర్లు జారిపోతాయని ఒక్క అడుగు కూడా వదల్లేదు. "తప్పు సేసినందుకు తిట్టనురా" అంది. "తుడవకుండా ఎల్లిపోతే మాత్రం ఊరుకోను." ఆ తర్వాత నా చేతుల్లో ఎన్ని బండ్లు ఆయిల్ మార్చుకున్నాయో నాకే తెలియదు. ప్రతిసారీ పాత రింగు ఊడొచ్చిందా లేదా అని వేలితో తడిమి చూస్తాను. వేలు పెట్టినప్పుడల్లా ఆ నవ్వు వినిపిస్తుంది.

ఆరు నెలలు ఎవరికి గుర్తుంటాయి? అందుకే ఆమె పండగలకి ముడిపెట్టింది. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు శనివారం ఒకసారి, వానలు దిగకముందు. మళ్లీ ఆరు నెలలకి, కోత పండగకి ముందు శనివారం ఇంకోసారి. ఆ రెండు శనివారాలూ పొద్దున్నుంచి కాంపౌండ్‌లో బండ్ల వరస. ఆటోలు, కార్లు, బడి వ్యాను. మట్టల శనివారమైతే ఒక పక్క ఆడవాళ్లు కొబ్బరి మట్టలు చీలుస్తుంటారు, ఇంకో పక్క మేం ఆయిల్ దింపుతుంటాం. వంటపాకలో అందరికీ కిచిడీ. మన సంఘం వాళ్లే కాదు, బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్లు, మసీదు వీధి ఆటో భయ్యాలు అందరూ వచ్చేవారు. కోత పండగ ముందు అయితే మొదటి పని గొయ్యిలో వాననీళ్లు తోడటం. నీళ్లతో పాటు కప్పలు. వాటిని బకెట్లో వేసి వెనక కాలవలో వదలాలి. ఒక్క కప్పకి దెబ్బ తగిలినా ఆమె ఊరుకునేది కాదు. "ఆళ్లు ఆరు నెలలుగా అద్దెకున్నారు. మర్యాదగా కాళీ సేయించు."

పాత ఆయిల్ ఒక్క చుక్క నేల మీద పోయనిచ్చేది కాదు. "ఇది ద్వీపం రా. ఇక్కడ నువ్వు ఏది పారబోసినా అది సాయంత్రానికి నీ చేపల కూరలోకి వొస్తాది." డబ్బాల్లో పట్టి మూతలు బిగించి పాత ఆయిల్ కొనేవాళ్లకి అప్పజెప్పేది. కాస్త మాత్రం చర్చి కంచె గుంజలకి కుంచెతో పూయించేది, చెదలు పట్టకుండా. ఇన్నేళ్లుగా పూసి పూసి ఆ గుంజలు నల్లగా నిగనిగలాడతాయి. ఊళ్లో ఎన్ని కంచెలు కూలిపోయాయో! మనది అలాగే నిలబడి ఉంది.

ఒక ఏడాది ఓడ ఆలస్యమై, మట్టల శనివారానికి ఆయిల్ డబ్బాలు సగమే ఉన్నాయి. సిస్టరమ్మ వరసలో ఉన్న ప్రతి బండి గేజి కడ్డీ తీసి, తెల్ల గాజుగుడ్డ మీద ఒక్కో చుక్క వేసి, రంగు చూసి వరస మార్చేసింది. బడి వ్యాను మొదట. తన అత్తని డయాలసిస్‌కి తిప్పేవాడి ఆటో రెండోది. మన కమిటీ పెద్దాయన కారు అన్నిటికన్నా ముందు వచ్చి నిలబడింది. దాన్ని చివరికి తోసింది. ఆయన అప్పటికి పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్నారు.

"సిస్టర్ గారూ, నేను ఆరింటికే వచ్చాను."

"చూశాను సార్. మీ బండికి జలుబు. ఆ ఆటోకి న్యుమోనియా. కేజువాల్టీలో టోకెన్లు ఉండవు సార్."

ఆయన ఆ రోజు మూతి ముడుచుకుని వెళ్లిపోయారు. కానీ తర్వాతి ఓడకి డబ్బాలు వచ్చాక మళ్లీ వచ్చారు. ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు. ఇప్పుడు గొయ్యి పూడ్చాలంటున్నది ఆయనే. అదీ నా మంట.

పోయిన శనివారం నేను గొయ్యిలో దిగి నీళ్లు తోడుతున్నాను. పెద్దాయన మేస్త్రీని వెంటబెట్టుకుని, టేపు పట్టుకుని వచ్చారు.

"బాబూ, కాస్త పైకి రా. కొలతలు తీసుకోవాలి."

"నన్ను కూడా కలిపి కొలవండి సార్."

"దేఖో భాయ్, కోపం వద్దు. ఆవిడ స్థాయి ఏమిటి? ఆవిడ పేరు చెబితే జనానికి ఈ బురద గొయ్యి గుర్తు రావాలా? పాలరాయి వేస్తే ఎంత గౌరవంగా ఉంటుంది!"

"పాలరాయి మీద కూర్చుని ఏం చేస్తారు సార్?"

"ఆవిడని తలుచుకుంటారు."

"ఇక్కడ దిగితే ఆవిడ చెప్పినట్టు చేస్తారు. ఏది గొప్ప?"

మేస్త్రీ తెలుగు మేస్త్రీయే. నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. "రెండు శనివారాల కోసం ఇంత స్థలమా? బయట షెడ్లు లేవా?" అన్నారు.

నేను బకెట్ పక్కన పెట్టి పైకి వచ్చాను. "మీ బండి తాళం ఇవ్వండి సార్" అన్నాను. ఎందుకో ఇచ్చారు. బానెట్ ఎత్తి, గేజి కడ్డీ తీసి, వంటపాకలోంచి గాజుగుడ్డ తెచ్చి ఒక చుక్క వేశాను. నల్లటి మచ్చ, చుట్టూ పసుపు అంచు, అంటే మార్చే వేళైందన్నమాట. ఆయన కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశారు. చూడటం ఆయనకి వచ్చు. ఆమే నేర్పింది.

"చివరిసారి ఎప్పుడు మార్చారు సార్?"

"మట్టల శనివారం. ఆవిడ పైన కూర్చుని చెప్పింది, నేనే దిగి మార్చాను." ప్యాంటు దులుపుకుని, "మోకాలి మీద చిన్న గీరుడు కూడా పడింది" అన్నారు, అదేదో పతకం గురించి చెబుతున్నట్టు.

గోడ మీది ఆయన చార్టు తీసి చేతికిచ్చాను. ఇన్నేళ్లలో దాన్ని ఆయన ఎప్పుడూ చదవలేదట. పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివారు. చివరి వరసలో, వణికే చేతిరాతతో, ఇలా ఉంది: "రంగు: టీ. వాసన: బాగుంది. బండి మంచిది. ఓనరు మాట వినడు గానీ చేతి పని శుభ్రం."

ఆయన ఆ అట్టని తనే మళ్లీ గోడకి తగిలించారు. ఒకసారి నవ్వారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంకేముంది, గెలిచామనుకున్నాను. టేపు చుట్టేసి, "కమిటీలో పెడతాను" అన్నారు. అంతే. కమిటీలో పెట్టినవి మళ్లీ బయటికి వచ్చినట్టు నేను చూడలేదు. ఇసుక లారీకి చెప్పడం మాత్రం అప్పటికే అయిపోయిందని మేస్త్రీ వెళ్తూ వెళ్తూ నా చెవిలో వేశాడు. ఎప్పుడొస్తుందో వాడికీ తెలియదట.

చివరి రోజుల్లో సిస్టరమ్మకి మోకాళ్లు సహకరించలేదు. "రెండు మెట్లు నాను దిగుతాను, మిగిలిన రెండూ నా గొంతు దిగుతాది" అనేది. రెండో మెట్టు మీద కూర్చుని కేకలేసేది. ఆ మెట్టు అంచు ఆమె చెయ్యి ఆనించి ఆనించి నున్నగా అయింది. కావాలంటే వచ్చి తడిమి చూడండి. పాలరాయి అంత నున్నగా ఉండదు.

ఆమె కారు సంగతి కూడా రాసేస్తాను. విశాఖలో ఉన్న ఆమె మేనకోడలు ఫోన్లో, "అది అక్కడే ఉండనీ, సంఘం పనికి వాడుకోండి" అంది. వారానికి రెండుసార్లు వెళ్లి బండి తీసి, సిప్పీఘాట్ దాకా పోయి వస్తున్నాను. ఇంజన్ బాగా వేడెక్కాకే ఆపుతున్నాను. పడుకోబెట్టలేదు. మట్టల శనివారం నాటి ఆయిల్ ఆరు నెలలకి వచ్చింది.

కాబట్టి కమిటీకి నేను చెప్పేది ఇది. తీర్మానం రద్దు చేయండి. గొయ్యి గొయ్యిలాగే ఉండాలి. పలకలు పాతబడ్డాయి, కొత్తవి వేయించండి. చార్టులు తడవకుండా అద్దాల బీరువా ఒకటి పెట్టించండి. ఆమె పేరు రాయాలనిపిస్తే మెట్టు మీద రాయండి, రెండో మెట్టు మీద. ఏ సంగతైనా సంతకాలతో కాగితం మీద చెప్పండి. నోటి మాట నాకు వద్దు. తల ఊపి నమ్మడం ఎలాంటి తప్పో ఆమె చెప్పిందే.

కోత పండగకి ముందు శనివారం పొద్దున్న ఏడింటికి సిస్టరమ్మ తెల్ల కారు తెచ్చి గొయ్యి మీద నిలబెడతాను. ఐదు నిమిషాలు ఇంజన్ నడుపుతాను, చక్రాల వెనక ఇటుకలు పెడతాను, దిగి బోల్టు విప్పుతాను. ఆయిల్ లేని బండిని కదపకూడదని మీ అందరికీ ఆమే నేర్పింది. గొయ్యి మీద బండి, గొయ్యిలో నేను ఉన్నంతసేపూ ఇసుక పొయ్యడానికి లేదని లారీవాడికి కూడా చెప్పి ఉంచండి. ధార తగ్గి, చుక్కలై, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. నేను కింద నిలబడి లెక్కపెడుతూ ఉంటాను. బోల్టు రంధ్రం అంచున ఆఖరిది ఒకటి రాలనా వద్దా అన్నట్టు వేలాడుతుంది. దాన్ని నేను తొందరపెట్టను.

మీ జవాబు ఇసుక లారీ గేటు దాటేలోపు, లేదా ఆ చుక్క పడేలోపు నా చేతిలో ఉండాలి. ఏది ముందైతే అది.